గంట కిరాయి సైకిల్, గంట రికార్డు

సారంగాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో పెరిగిన మా ఈడువాళ్లకు సైకిల్ అంటే ముందు గుర్తొచ్చేది కిరాయి దుకాణమే. గోడకు ఒక గడియారం, దాని కింద పేర్లు, టైము రాసే నల్లపలక, మూలకు నీళ్ల తొట్టి, పంచరు సామాను. చేతిలో నలిగిన పైసలు ఇచ్చి సైకిల్ బయటికి తీస్తే మనకు దొరికేది సరిగ్గా గంట. సీటు అందేది కాదు, ముందు కడ్డీ కింది నుంచి కాలు దూర్చి కైంచి తొక్కేవాళ్లం. ఈ గంటలో ఎంత దూరం పోయి మళ్లీ దుకాణం ముందు దిగొచ్చు అన్నదొక్కటే లెక్క. పోయేటప్పుడు గాలి వీపు మీద చెయ్యేసి తోసేది. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురొచ్చి రొమ్ము మీద చెయ్యి పెట్టి ఆపేది. ఎంత తొందరపడ్డా ఆలస్యమయ్యేది, కిరాయి పెరిగేది.

2022 అక్టోబరు 8న స్విట్జర్లాండ్‌లోని గ్రెన్షెన్‌లో ఇటలీ రైడర్ ఫిలిప్పో గన్నా కూడా ఈ లెక్కే వేసుకున్నాడు. గంటసేపు ఒంటరిగా తొక్కి ఎంత దూరం పోతావన్నదే ‘అవర్ రికార్డు’. అతను పోయిన దూరం 56.792 కిలోమీటర్లు. జగిత్యాలలో బయల్దేరి ఉంటే ఆ గంటలో కరీంనగర్ దాటి ఇంకా ముందుకు పోయేవాడు. 250 మీటర్ల ట్రాక్ మీద అది 227 చుట్లు, ఒక్కో చుట్టు సగటున 16 సెకన్లలోపే.

గన్నా కాళ్ల బలం అసాధారణమైనది. అయితే ఆ గంటలో కాళ్లతో పాటు ఇంకో రెండు కూడా పనిచేశాయి. ఒకటి ట్రాక్ వాలు, రెండోది గాలి. ఆ రెండింటి సంగతి తెలిస్తే ట్రాక్ సైక్లింగ్ సీజన్ ఫలితాల పట్టిక సైన్సు పుస్తకంలా చదువుకోవచ్చు. అందులోని ప్రతి దశాంశం వెనకా ఒక కారణం దొరుకుతుంది.

వడిసెల చెప్పే పాఠం

ట్రాక్ సైక్లింగ్ జరిగే మైదానాన్ని వెలోడ్రోమ్ అంటారు. అంతర్జాతీయ పోటీలు ఎక్కువగా 250 మీటర్ల చెక్క ట్రాక్ మీద, పైకప్పు కింద జరుగుతాయి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ ట్రాక్‌కు రెండు నిటారు భాగాలు, రెండు మలుపులు. నిటారు భాగాల్లో వాలు 12, 13 డిగ్రీల దాకా ఉంటే మలుపుల్లో 42 నుంచి 45 డిగ్రీల దాకా లేస్తుంది. కింద నిలబడి చూస్తే గోడలా కనిపిస్తుంది. చేతులు ఆనించకుండా నడిచి ఎక్కడం కష్టం.

అంత వాలు ఎందుకో జొన్నచేను కాపలా కాసినవాళ్లకు తెలుసు. వడిసెలలో రాయి పెట్టి తల మీద గిరగిర తిప్పినప్పుడు తాడు చేతిని గట్టిగా గుంజుతుంది. రాయి ఎప్పుడూ తిన్నగానే పోవాలని చూస్తుంది, తాడు దాన్ని క్షణక్షణం లోపలికి లాగి వృత్తంలో ఉంచుతుంది. ఆ లాగుడునే అభికేంద్ర బలం అంటాం. వేగం రెట్టింపైతే అవసరమయ్యే లాగుడు నాలుగు రెట్లవుతుంది. అందుకే వడిసెల వేగం పెరిగినకొద్దీ వేళ్లు నొప్పి పెడతాయి. తాడు వదిలితే రాయి తిన్నగా చేలోకి దూసుకుపోతుంది.

మలుపులో పోయే సైకిల్‌కు తాడు లేదు. బల్లపరుపు రోడ్డు మీద టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ ఒక్కటే దాన్ని లోపలికి లాగాలి. ఇసుక పడ్డ మలుపులో సైకిల్ జారిపోయేది ఆ ఘర్షణ చాలకనే. వాలు కట్టిన ట్రాక్ మీద మాత్రం నేలే రైడర్‌ను లోపలికి నెడుతుంది. జాతరలో బావి గోడ మీద బండి తిప్పే మౌత్ కా కువా చూసినవాళ్లకు ఈ సంగతి కళ్లకు కట్టినట్టు ఉంటుంది. వేగం ఉన్నంతసేపూ బండి గోడను అంటుకునే ఉంటుంది, వేగం తగ్గితే కిందికి దిగాల్సిందే.

అంకెల్లో చూద్దాం. మలుపు వ్యాసార్ధం 23 మీటర్లు అనుకుందాం. రైడర్ గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్లు పోతుంటే అతను లోపలికి వంగాల్సిన కోణం సరిగ్గా 45 డిగ్రీల దగ్గరికి వస్తుంది. ట్రాక్ వాలు కూడా దాదాపు అంతే. కాబట్టి అతను నేలకు నిలువుగానే కూర్చున్నట్టు ఉంటాడు, జారిపోయే భయం ఉండదు. అదే మలుపులో వేగం గంటకు 72 కిలోమీటర్లకు పెరిగితే అతని శరీరం మీద పడే భారం మామూలు బరువుకు రెట్టింపవుతుంది. 80 కిలోల మనిషి తన మీద ఇంకో 80 కిలోల మనిషిని కూర్చోబెట్టుకుని పెడల్ తొక్కుతున్నట్టు లెక్క. ప్రతి చుట్టులో రెండుసార్లు ఆ బరువు ఎక్కుతుంది, దిగుతుంది.

మలుపులో ఇంకో వింత ఉంది. రైడర్ లోపలికి వంగినప్పుడు చక్రాలు బయటి దారిలో పోతుంటే అతని నడుము, తల లోపలి దారిలో, కాస్త తక్కువ దూరం పోతాయి. శరీరం ముందు ఎంత వేగంతో పోతోందో అంతే వేగంతో పోవాలంటే చక్రాలు ఇంకొంచెం వేగంగా తిరగాలి. దానికి తోడు వంగినప్పుడు గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది, ఆ శక్తి కూడా కలుస్తుంది. అందుకే ట్రాక్ రైడర్ చక్రం మలుపులో వేగం పుంజుకుంటుంది, బయటికి రాగానే తగ్గుతుంది.

ఎత్తులో దాచుకున్న వేగం

ట్రాక్ సైకిల్‌కు బ్రేకులు ఉండవు, గేర్లు మార్చే వీలుండదు, ఫ్రీవీల్ కూడా ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. గన్నా తన గంటలో ముందు 65 పళ్లు, వెనక 14 పళ్లు ఉన్న గేరు వాడాడు. అంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ తొమ్మిదిన్నర మీటర్లకు పైగా పోతుంది. మన నల్ల సైకిల్‌ది ఐదారు మీటర్లే. అంత బరువైన గేరును నిలిచిన చోటు నుంచి కదిలించడం కష్టం. ఒకసారి వేగం అందుకుంటే మాత్రం కాళ్లు నిమిషానికి వంద చుట్ల లోపే తిరుగుతూ దూరాన్ని మింగేస్తాయి.

స్ప్రింట్ పోటీలో ట్రాక్ వాలు ఆయుధంగా మారుతుంది. ఇద్దరే రైడర్లు, మూడు చుట్లు. మొదట్లో ఇద్దరూ మెల్లగా పోతారు, ఒక్కోసారి పైగట్టు దాకా ఎక్కి ఒకరినొకరు చూసుకుంటూ దాదాపు ఆగిపోతారు. కొత్తగా చూసేవాళ్లకు పోటీ ఎప్పుడు మొదలవుతుందా అనిపిస్తుంది. నిజానికి వాళ్లు శక్తి దాచుకుంటున్నారు. పైకెక్కిన ప్రతి మీటరూ స్థితిశక్తిగా నిలవ ఉంటుంది, కిందికి దూకినప్పుడు గతిశక్తిగా తిరిగొస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న రైడర్ నాలుగున్నర మీటర్ల ఎత్తు నుంచి దిగితే, గాలిని లెక్కలోకి తీసుకోకపోతే, కాలు కదపకుండానే అతని వేగం 60 దాటుతుంది. చెరువు కట్ట మీది నుంచి సైకిల్ దింపిన ప్రతి పిల్లవాడూ ఈ సూత్రాన్ని ఒంటితో నేర్చుకున్నవాడే.

ఎవరు ఎవరితో తలపడాలో తేల్చే తొలి పరీక్షలో రైడర్ ఇలాగే గట్టు పైనుంచి దూకి చివరి 200 మీటర్లు గడియారంతో పోటీపడతాడు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ రైడర్ హారీ లావ్రైసెన్ ఆ 200 మీటర్లను 9.088 సెకన్లలో దాటి అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంటే గంటకు 79 కిలోమీటర్లు. ఇంజను లేదు, మనిషి కాళ్లే.

గాలి అడిగే ధర

బల్లపరుపు నేల మీద వేగంగా పోయే సైకిల్‌కు అసలు శత్రువు గాలి. ట్రాక్ వేగాల్లో రైడర్ శక్తిలో చాలా భాగం గాలిని పక్కకు తోయడానికే ఖర్చవుతుంది. గాలి ఎదురుతోపు వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని జయించడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల నుంచి 40కి పోవాలంటే గాలి కోసం పెట్టే శక్తి రెట్టింపైతే చాలదు, ఎనిమిది రెట్లు కావాలి. 60కి పోవాలంటే 27 రెట్లు. చివరి ఒక్క కిలోమీటరు వేగం పెంచుకోవడానికి రైడర్లు ఏళ్లు వెచ్చించేది అందుకే.

మా కిరాయి ఎందుకు పెరిగేదో కూడా ఈ లెక్కే చెబుతుంది. పోయేటప్పుడు గాలి చేసిన సాయం, వచ్చేటప్పుడు చేసిన నష్టం సమానం కావు. ఎదురుగాలిలో నష్టం ఎక్కువ, పైగా ఆ నష్టంలో గడిపే సమయమూ ఎక్కువ. గాలి ఉన్న రోజు పోయిరావడం ఎప్పుడైనా ఆలస్యమే.

అందుకే ట్రాక్ రైడర్ గాలికి కనిపించే తన ఒంటిని వీలైనంత చిన్నది చేసుకుంటాడు. మోచేతులు దగ్గరికి తెచ్చి, వీపు బల్లలా వంచి, తల భుజాల మధ్యకు దించుతాడు. ఎండాకాలం అడవి నుంచి తునికాకు మూట వెనక కట్టుకుని వచ్చే సైకిల్‌ను గుర్తు తెచ్చుకోండి. మూట బరువు ఎక్కువేమీ కాకపోయినా ఎదురుగాలి లేస్తే తొక్కేవాడు దిగి నడుస్తాడు. అతన్ని ఆపేది మూట బరువు కన్నా దాని వెడల్పే.

ఇంకొకరి వెనక దాక్కోవడం రెండో ఉపాయం. ఒంటరి రోడ్డు మీద ఎర్రబస్సు పక్కనుంచి దాటిపోగానే సైకిల్ ఒక్క క్షణం తేలికై ముందుకు గుంజినట్టవుతుంది. బస్సు చీల్చిన గాలి వెనక మెత్తని ఖాళీ ఏర్పడుతుంది కాబట్టి. నలుగురు రైడర్లు 4 కిలోమీటర్లు తొక్కే టీమ్ పర్స్యూట్ పోటీ మొత్తం ఆ ఖాళీ మీదే నడుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ముందున్నవాడికి కావలసిన శక్తి వంద అనుకుంటే రెండోవాడికి దాదాపు 71, మూడు నాలుగు స్థానాల్లో ఉన్నవాళ్లకు 64 చాలని 1999లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అందుకే ఒకరి చక్రం వెనక ఇంకొకరి చక్రం జానెడు దూరంలో నడుస్తుంది. ముందున్నవాడు అలసిపోగానే మలుపులో వాలు ఎక్కి, మిగిలినవాళ్లు దాటిపోయాక కిందికి జారి వరస చివర చేరతాడు. ఎక్కినప్పుడు తగ్గిన వేగం దిగినప్పుడు తిరిగొస్తుంది. బ్రేకు లేని సైకిల్ మీద ఈ మార్పిడి గీత తప్పకుండా జరగాలి.

పారిస్‌లో ఆస్ట్రేలియా నలుగురు ఈ పోటీలో 3 నిమిషాల 40.730 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు సృష్టించి, తర్వాత స్వర్ణం గెలిచారు. నిలిచిన చోటు నుంచి మొదలుపెట్టి కూడా వాళ్ల సగటు వేగం గంటకు 65 కిలోమీటర్లు దాటింది.

మూడో ఉపాయం బట్టలో ఉంది. సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పెరిగినవాళ్లు దీన్ని ఆసక్తిగా వింటారు. రైడర్ వేసుకునే ఒంటికి అతికిన సూటు అంతా నున్నగా ఉండదు. భుజాలు, చేతుల దగ్గర నేత కావాలనే గరుకుగా, గీతలు గీతలుగా ఉంటుంది. గుండ్రటి వస్తువు చుట్టూ పోయే గాలి వెనక భాగానికి చేరకముందే విడిపోయి సుడులు తిరుగుతుంది, ఆ సుడులే వెనక్కి గుంజుతాయి. తగినంత గరుకుదనం ఉంటే పైపొరలోని గాలి కాస్త కల్లోలమై ఇంకొంచెం దూరం ఒంటిని అంటిపెట్టుకుని పోతుంది. సుడుల పట్టు సన్నబడుతుంది, వెనక్కి లాగే బలం తగ్గుతుంది. గోల్ఫ్ బంతికి గుంటలు పెట్టేదీ ఇందుకే. ఎక్కడ గరుకు, ఎక్కడ నునుపు అనేది వేగాన్ని బట్టి మారుతుంది. దారం లావు, నేత తీరు సెకనులో వెయ్యోవంతుల్ని తేల్చే ఆట ఇది. సూటు బట్ట ఎలా ఉండొచ్చో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, యూసీఐ, నియమాలు పెట్టి మరీ కట్టడి చేస్తోంది.

ఒక సీజన్‌ను చదువుదాం

ఇప్పుడు 2024 సీజన్‌ను చూద్దాం. ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్, మార్చిలో హాంకాంగ్, ఏప్రిల్‌లో కెనడాలోని మిల్టన్‌లో నేషన్స్ కప్ పోటీలు జరిగాయి. ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్, అక్టోబరులో డెన్మార్క్‌లోని బాలరప్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. ప్రపంచ చాంపియన్‌షిప్ సంప్రదాయం పాతది, 1893లో షికాగోలో మొదలైంది.

పారిస్‌లో లావ్రైసెన్ స్ప్రింట్, కెయిరిన్, టీమ్ స్ప్రింట్ మూడింట్లోనూ స్వర్ణం గెలిచాడు. కెయిరిన్ 1948లో జపాన్‌లో పుట్టిన పోటీ. ముందు ఒక మోటారు బండి గాలిని చీలుస్తూ రైడర్లను క్రమంగా వేగంలోకి తెస్తుంది, అది పక్కకు తప్పుకోగానే అసలు పందెం మొదలవుతుంది. టీమ్ స్ప్రింట్‌లో నెదర్లాండ్స్ పురుషులు మూడు చుట్లను 40.949 సెకన్లలో, బ్రిటన్ మహిళలు 45.186 సెకన్లలో ముగించారు. రెండూ అప్పటి ప్రపంచ రికార్డులే. మహిళల స్ప్రింట్, కెయిరిన్ న్యూజిలాండ్‌కు చెందిన ఎల్లెస్ ఆండ్రూస్ గెలిచింది. మహిళల టీమ్ పర్స్యూట్ అమెరికాకు దక్కింది. ఇద్దరేసి రైడర్ల జట్లు తలపడే మాడిసన్‌లో పురుషుల స్వర్ణం పోర్చుగల్‌కు, మహిళలది ఇటలీకి పోయాయి. బాలరప్‌లో లావ్రైసెన్ స్ప్రింట్ ప్రపంచ టైటిల్‌ను మళ్లీ నిలబెట్టుకున్నాడు.

ఒకే పోటీల వారంలో ఇన్ని రికార్డులు ఎందుకు కూలుతాయి? రైడర్లు బలపడ్డారు, గేర్లు పెరిగాయి, సూట్లు, హెల్మెట్లు మారాయి. వీటితో పాటు ఇంకో కారణం ట్రాక్ లోపలి గాలే. వెలోడ్రోమ్‌ను వెచ్చగా ఉంచుతారు. గాలి వేడెక్కితే వ్యాకోచించి పలచబడుతుంది, పలచటి గాలిని చీల్చడం తేలిక. సముద్రమట్టం నుంచి ఎత్తు పెరిగినా అంతే. 1972లో ఎడ్డీ మెర్క్స్ తన గంట రికార్డు కోసం 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న మెక్సికో సిటీకి పోయి 49.431 కిలోమీటర్లు తొక్కాడు. 2025 ఆగస్టులో బ్రిటన్ రైడర్ మాథ్యూ రిచర్డ్‌సన్ 200 మీటర్లను తొలిసారి 9 సెకన్లలోపు దాటింది కూడా వెయ్యి మీటర్లకు పైన ఉన్న టర్కీ పట్టణం కోన్యాలోనే.

మన గాలి సంగతేమిటని నేను లెక్క వేసి చూశాను. సముద్రమట్టంలో 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి దాదాపు 1.20 కిలోలు తూగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, 43 డిగ్రీల వేడిలో జగిత్యాల గాలి 1.08 కిలోల దగ్గర ఉంటుంది. అంటే పదో వంతు పలచన. అదే శక్తితో తొక్కితే వేగం మూడు శాతానికి పైగా పెరగాలి. అయితే ఆ వేడిలో మనిషి ఒళ్లు తనలో పుట్టే వేడిని బయటికి పంపలేదు, నిమిషాల్లో నీరసిస్తుంది. అందుకే వెలోడ్రోమ్‌లు గాలి పలచబడేంత వెచ్చగా, మనిషి తట్టుకునేంత చల్లగా ఉండే మధ్యస్థాన్ని ఎంచుకుంటాయి. ఫిజిక్సూ శరీరధర్మమూ రాజీపడే చోటు అది.

స్కేలంత దూరం

ఈ ఆటలో మనవాళ్లు ఎక్కడున్నారు? పారిస్ ఒలింపిక్స్‌లో భారత సైక్లిస్టులు లేరు. అలాగని చేతకానివాళ్లం కాదు. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఎగిల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అండమాన్ నికోబార్ కుర్రాడు ఎసో అల్బెన్ కెయిరిన్‌లో రజతం తెచ్చాడు. సైక్లింగ్ ప్రపంచ పోటీల్లో భారత్‌కు అదే తొలి పతకం. స్వర్ణం పోయింది 0.017 సెకన్ల తేడాతో. మరుసటి ఏడాది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఓడర్‌లో మన జూనియర్ జట్టు టీమ్ స్ప్రింట్‌లో ప్రపంచ స్వర్ణమే గెలిచింది. 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో మణిపూర్‌కు చెందిన రొనాల్డో సింగ్ లైతోంజమ్ సీనియర్ స్ప్రింట్‌లో రజతం సాధించాడు. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో కట్టిన 250 మీటర్ల చెక్క ట్రాక్ మీదే ఆ పోటీ జరిగింది. మంచి ట్రాక్ ఉన్న చోటే మంచి రైడర్లు తయారవుతారనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

తెలంగాణ పిల్లలకు ఆ వాలు రుచి చూపించేది హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోని వెలోడ్రోమ్. 2002లో హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడల నాటిది. పైకప్పు లేని కాంక్రీటు ట్రాక్ కావడంతో అక్కడ గాలి, ఎండ, వాన కూడా పోటీలో చేరతాయి. సారంగాపూర్ పిల్లవాడికి అది దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరం. కైంచి తొక్కిన కాళ్లు మా ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి, వాటికి ఆ వాలు అందుబాటులోకి రావాలి. ప్రతి జిల్లాకు చెక్క ట్రాక్ అడగడం లేదు. బడుల నుంచి పిల్లల్ని ఏడాదికి ఒక్కసారైనా ఆ కాంక్రీటు గట్టు మీదికి తీసుకుపోవాలి, ఈ సైన్సును బళ్లోనే సైకిల్ మీద నేర్పాలి.

నేర్పడానికి పెద్ద సామాను ఏమీ అక్కర్లేదు. బండ్లు తిరగని కట్ట దారి, ఒక సైకిల్, ఒక సుద్దముక్క చాలు. కట్ట మీద ఒక గీత గీయండి. ఆ గీత నుంచి పెడల్ తొక్కకుండా సైకిల్‌ను వాలులోకి వదలండి. మొదటిసారి నిటారుగా కూర్చుని దిగండి. బల్లపరుపు నేల మీద సైకిల్ ఎక్కడ ఆగితే అక్కడ గీత పెట్టండి. రెండోసారి అదే పిల్లవాడు, అదే సైకిల్, అదే గీత. ఈసారి వీపు వంచి, మోచేతులు దగ్గరికి తెచ్చి దిగాలి. సైకిల్ మొదటి గీత దాటి ఆగుతుంది. కట్ట ఎత్తు మారలేదు, బరువు మారలేదు, కాళ్లు కదలలేదు. ఆ రెండు గీతల మధ్య కనిపించేది గాలే.

ఆ దూరాన్ని కొలవడానికి పిల్లవాడు తన సంచిలోంచి 30 సెంటీమీటర్ల స్కేలు తీస్తాడు. గంటకు 65 కిలోమీటర్ల వేగంలో 0.017 సెకన్లు అంటే ఎంత దూరమో అప్పుడు అతనికి లెక్క చేసి చూపించండి. చేతిలోని స్కేలంత. ఎసో అల్బెన్‌కూ ప్రపంచ స్వర్ణానికీ మధ్య మిగిలిపోయింది అంతే.